రియాక్టర్‌లోకి మనిషిని దింపే ముందు: సూపర్‌వైజర్ల సేఫ్టీ ట్రైనింగ్, నా అనుభవం

బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) ఫ్యాక్టరీల్లో షిఫ్ట్ ఇన్‌చార్జులకు సేఫ్టీ ట్రైనింగ్ అంటే చాలాచోట్ల ఒక పూట ప్రొజెక్టర్ ముందు కూర్చోవడమే. హాజరు పట్టీలో సంతకం, టీ, సమోసా, ఇరవై మార్కుల పరీక్ష, అంతే. ఈసారి నేను చేసింది అయిదు రోజులది. నాలుగు రోజులు ప్రొడక్షన్, మెయింటెనెన్స్ సూపర్‌వైజర్లకు. చివరి రోజు ఫ్యాక్టరీ మేనేజర్‌నీ, ప్లాంట్ హెడ్‌నీ, లేబర్ కాంట్రాక్టర్లనీ కూడా కూర్చోబెట్టారు. సగానికి పైగా సమయం ఖాళీ రియాక్టర్ (రసాయనాలు కలిపి చర్య జరిపించే పెద్ద ట్యాంకు) దగ్గరా, ఎంసీసీ రూములోనే (మోటార్లకు కరెంటు ఇచ్చే స్విచ్‌బోర్డుల గది) గడిచింది. పర్మిట్ (ప్రమాదకరమైన పని మొదలుపెట్టే ముందు ఇచ్చే రాతపూర్వక అనుమతి) మీద సంతకం పెట్టేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి రోజు పొద్దున చట్టం. సూపర్‌వైజర్‌కి అందులో కావాల్సింది కొంచెమే. భోపాల్ తర్వాత, 1987లో, ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర ప్రక్రియల కోసం ఒక అధ్యాయమే కొత్తగా చేర్చారు. పనివాడు ముట్టుకునే రసాయనం ఏమిటో, దాంతో ఏం ముప్పుందో చెప్పి తీరాల్సిన బాధ్యత యజమాని మీద పడింది అప్పుడే. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో 2020 నాటి ఓఎస్‌హెచ్ కోడ్ (పనిచోట భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల చట్టం) అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి కావాలంటే 1,000 మంది కార్మికులుండాలి. ఇప్పుడు 500, ప్రమాదకర ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీకైతే 250. కంపెనీ అయితే ‘ఆక్యుపయర్’ (చట్టం ముందు ఫ్యాక్టరీకి బాధ్యుడు) డైరెక్టర్లలో ఒకరే అవ్వాలని, ఉద్యోగి పేరు రాసి తప్పుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. వినడానికి బాగానే ఉంది కానీ, ప్రమాదం జరిగాక ముందు వెతికేది పర్మిట్ కాగితాన్నీ, దాని మీది సంతకాన్నీ.

మధ్యాహ్నం రిస్క్ అసెస్‌మెంట్. తీవ్రత అయిదుకి, అవకాశం అయిదుకి, రెండూ గుణించి అంకె రాయడం. మా అందరి కాగితాల్లోనూ ఒకటే జబ్బు: ఏ ముప్పు రాసినా ఎదురుగా ‘గ్లౌజులు, గాగుల్స్, మాస్కు’ అని రాసి 20ని 6 చేసేశాం. ట్రైనర్ ఎర్ర పెన్నుతో ఒక్కటే ప్రశ్న రాశాడు: ‘మాస్కు పెట్టుకుంటే సాల్వెంట్ లీకవడం మానేస్తుందా?’ సాల్వెంట్ అంటే రసాయనాల్ని కరిగించే, తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం. మాస్కు లీకు అవకాశాన్ని తగ్గించదు. మంట అంటుకుంటే తీవ్రతనీ తగ్గించదు. అంకె తగ్గాలంటే పైపు మారాలి, లేదా గాస్కెట్ మారాలి, లేదా పని చేసే పద్ధతి మారాలి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా యూనిట్‌లో సాల్వెంట్ లీకై, ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. అలాంటి పేలుడు ముందు గ్లౌజు ఏం చేస్తుంది?

రెండో రోజంతా కన్‌ఫైన్డ్ స్పేస్, అంటే మనిషి దిగాల్సొచ్చే ఇరుకైన, గాలాడని చోటు. ఈ ట్రైనింగ్‌లో ప్రాణం ఇదే. 5 కేఎల్ (5,000 లీటర్ల) రియాక్టర్ క్లీనింగ్‌కి ఒక హెల్పర్‌ని దింపాలి అనుకుని మొదటినుంచీ చేయించారు.

ముందు ఐసొలేషన్, అంటే బయటినుంచి ఏదీ లోపలికి రాకుండా తెంచెయ్యడం. రియాక్టర్‌కి తగిలి ఉన్న లైన్లన్నీ వేలితో చూపిస్తూ లెక్కపెట్టమన్నారు. సాల్వెంట్ చార్జింగ్ (లోపలికి పోయడం), నీళ్లు, నైట్రోజన్, వాక్యూమ్, వెంట్, బాటమ్ వాల్వ్, జాకెట్‌కి (రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగు) స్టీమ్, బ్రైన్ (చల్లబరిచే ఉప్పునీళ్లు). పిఐడీ (పైపులు, వాల్వుల) డ్రాయింగ్ చూసి చెప్పినవాళ్లకి ఒకటి తక్కువొచ్చింది. ఎప్పుడో తాత్కాలికంగా వేసిన శాంప్లింగ్ లైను డ్రాయింగ్‌లో ఎక్కలేదు. అందుకే లెక్క కాగితం మీద పెట్టకూడదు, వెస్సెల్ (అంటే రియాక్టరే) చుట్టూ తిరిగి పెట్టాలి. వాల్వ్ మూసేస్తే ఐసొలేషన్ అయిపోయినట్టు కాదు. సీటు అరిగిన బాల్ వాల్వ్ మూసి ఉన్నా గ్యాస్ వదులుతూనే ఉంటుంది. ఫ్లాంజ్ (పైపుల అతుకు) విప్పి బ్లైండ్ (దారి మూసేసే, రంధ్రం లేని పళ్లెం) వెయ్యాలి, లేదా స్పూల్ (విప్పదీయగల పైపు) ముక్క తీసి పక్కన పెట్టాలి. బ్లైండుకి నెంబరు ట్యాగ్ కట్టి, ఎన్ని వేశామో పర్మిట్‌లో రాయాలి.

అందరూ మర్చిపోయేది వెంట్ లైను. ‘అది బయటికి పోయేదే కదా, లోపలికి ఏమొస్తుంది’ అనుకుంటాం. చాలా బ్లాకుల్లో నాలుగైదు రియాక్టర్ల వెంట్లు ఒకే హెడర్‌లో (ఉమ్మడి పైపులో) కలిసి స్క్రబ్బర్‌కి (ఆవిర్లను కడిగి శుభ్రం చేసే పరికరం) వెళ్తాయి. పక్క రియాక్టర్‌లో చార్జింగ్ మొదలైతే ఆ ఆవిరి హెడర్‌లోంచి తిరుగుదారి పట్టి మనవాడు కూర్చున్న వెస్సెల్‌లోకి దిగుతుంది. పొద్దున తీసిన రీడింగ్ నిజమే, పదకొండింటికి మాత్రం అది అబద్ధం.

నైట్రోజన్ గురించి విడిగా ఒక గంట చెప్పారు, తక్కువేం కాదు. దానికి వాసన లేదు, రంగు లేదు. ఊపిరాడట్లేదన్న బాధ ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగితే పుడుతుంది గానీ ఆక్సిజన్ తగ్గినందుకు పుట్టదు. అందుకే నైట్రోజన్ నిండిన వెస్సెల్‌లోకి తల పెట్టినవాడికి ఇబ్బందే తెలీదు. ఒకటి రెండు ఊపిర్లకే స్పృహ పోతుంది. మ్యాన్‌హోల్‌లోకి తల వంచి చూడటం కూడా ‘ఎంట్రీ’ కిందికే వస్తుంది, దానికీ పర్మిట్ కావాలి. ఇంకో ఉచ్చు: ప్లాంట్ ఎయిర్, నైట్రోజన్ పాయింట్లకి ఒకే రకం కప్లింగ్ ఉన్న చోట్ల ‘గాలి పెడదాం’ అని హోస్ పైపు నైట్రోజన్‌కి తగిలిస్తారు. మేం చూసిన బ్లాకులో రెండు పాయింట్లూ అడుగు దూరంలోనే ఉన్నాయి, రంగు వెలిసిపోయి. వెస్సెల్‌కి గాలి బ్లోయర్ నుంచే, అదీ డక్టు అడుగుదాకా దించి ఇవ్వాలి. డక్టు మ్యాన్‌హోల్ అంచున వదిలేస్తే గాలి పైపైన తిరిగి బయటికొచ్చేస్తుంది. సాల్వెంట్ ఆవిర్లు గాలికన్నా బరువు (టాలీన్ అనే సాల్వెంట్ ఆవిరి మూడు రెట్లు), అడుగునే కూర్చుంటాయి.

ఇక మీటర్. నాలుగు గ్యాసుల మీటర్ అందరం రోజూ చూసేదే, కానీ వాడకం సరిగా వచ్చినవాళ్లం ముగ్గురమే తేలాం. బయటి గాలిలో ఆన్ చేసి, ఆక్సిజన్ 20.9 చూపించేలా జీరో చేస్తాం. ఆ ‘బయట’ డ్రమ్ యార్డు పక్కన కాకూడదు. అక్కడ చేస్తే ఆ ఆవిరినే మీటర్ సున్నా అనుకుంటుంది. తర్వాత బంప్ టెస్ట్: చిన్న సిలిండర్‌లోని టెస్ట్ గ్యాస్ పట్టించి అలారం మోగుతుందో లేదో చూడటం. ఇది ప్రతిరోజూ వాడే ముందు చెయ్యాలి. ఆరు నెలల కాలిబ్రేషన్ స్టిక్కర్ చూపిస్తే సరిపోదు.

చూసే వరుసకీ కారణం ఉంది. ముందు ఆక్సిజన్, తర్వాత మండే గ్యాస్, ఆ తర్వాత విషవాయువులు. మండే గ్యాస్ సెన్సర్ లోపల చిన్నగా మండించే కొలుస్తుంది. ఆక్సిజన్ బాగా తగ్గితే అది మండదు, వెస్సెల్ నిండా ఆవిరి ఉన్నా సున్నా చూపిస్తుంది. నైట్రోజన్ బ్లాంకెట్ (మంట రాకుండా నైట్రోజన్ నింపి ఉంచడం) ఉన్న రియాక్టర్‌లో సరిగ్గా ఇదే జరుగుతుంది. ట్యూబు దించి పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా కొలవాలి. నాలుగు మీటర్ల ట్యూబులోంచి గాలి పైకి రావడానికి, సెన్సర్ స్థిరపడటానికి సమయం పడుతుంది కాబట్టి ఒక్కో మట్టంలో రెండు నిమిషాలు ఆపమన్నారు. మా వాళ్లు బావిలో చేద దించి తీసినట్టు పది సెకన్లలో దించి తీసేశారు. అడుగున నీళ్లుంటే ట్యూబు ముంచకూడదు, పంపు పోతుంది.

దింపడానికి అంకెలు తెలిసినవే: ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం, ఎల్‌ఈఎల్ (ఆవిరి అంటుకోవడానికి గాలిలో ఉండాల్సిన కనీస మోతాదు)లో 10 శాతం లోపు, హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు) 10 పీపీఎం (పది లక్షల్లో పది వంతులు) లోపు. కానీ ఈ ఎల్‌ఈఎల్ దగ్గరే నా కళ్లు తెరుచుకున్నాయి. టాలీన్ గాలిలో 1.1 శాతం ఉంటే అంటుకుంటుంది, అంటే 11,000 పీపీఎం. అందులో 10 శాతం అంటే 1,100 పీపీఎం. టాలీన్‌కి పాత ఫ్యాక్టరీల చట్టం షెడ్యూల్‌లో ఎనిమిది గంటల పరిమితి 100 పీపీఎం. ప్రాణానికి తక్షణ ప్రమాదమని లెక్కగట్టే హద్దు 500. మీటర్ 5 శాతం (అంటే 550 పీపీఎం) చూపిస్తే ‘పాస్’ అని రాస్తున్నాం, లోపల మనిషికి అది ఇప్పటికే హద్దు దాటిన విషం. పైగా మీటర్‌ని మీథేన్‌తో కాలిబ్రేట్ చేసుంటే టాలీన్‌ని దాదాపు సగమే చూపించొచ్చు. మీటర్ పుస్తకంలో ఏ సాల్వెంట్‌కి ఎంతతో గుణించాలో పట్టిక ఉంటుంది, అది తెరిచి చూసేవాడే ఉండడు. ఎల్‌ఈఎల్ అంకె మంట కోసం పెట్టింది, ఊపిరి కోసం కాదు. సాల్వెంట్ వెస్సెల్ అయితే పీఐడీ మీటరో (డ్రాయింగ్ కాదు, తక్కువ పీపీఎంలనీ కొలిచే ఆవిరి మీటర్), గాజు డిటెక్టర్ ట్యూబో కావాలి. అంతకుముందు ఎల్‌ఈఎల్ రీడింగ్ సున్నా వచ్చేదాకా కడగాలి, గాలి పట్టాలి.

ఆక్సిజన్ అంకెని కూడా ఇలాగే చదవాలి. 20.4 ఉంటే హద్దులోనే ఉందని టిక్ పెడతాం. గాలిలో ఆక్సిజన్ అయిదో వంతు కాబట్టి అది అర శాతం తగ్గిందంటే, ఇంకేదో గ్యాస్ సుమారు రెండున్నర శాతం వచ్చి చేరినట్టు. రెండున్నర శాతం అంటే 25,000 పీపీఎం. ఏం చేరిందో, ఎక్కణ్నుంచి వస్తోందో తేలేదాకా మనిషి దిగకూడదు.

మధ్యాహ్నం రెస్క్యూ. ఇసుక నింపిన 70 కిలోల బొమ్మని రియాక్టర్ అడుగున పడేసి తియ్యమన్నారు. మొదటి జట్టు నడుముకి తాడు కట్టి లాగింది. బొమ్మ నడుం దగ్గర రెండుగా మడతపడి మ్యాన్‌హోల్‌లో ఇరుక్కుంది. ఫుల్ బాడీ హార్నెస్ వేసి, వీపు మీద భుజాల మధ్య ఉండే రింగుకి తాడు తగిలిస్తే మనిషి నిటారుగా వస్తాడు. ట్రైపాడ్, వించ్ లేకుండా ఇద్దరు చేతులతో లాగి చూశారు, మూడడుగులు లేవలేదు. తర్వాత గాలి సిలిండర్ (ఎస్‌సీబీఏ) వీపుకి తగిలించుకున్నవాణ్ని దింపబోతే 450 మి.మీ. మ్యాన్‌హోల్‌లో పట్టలేదు. అంటే ఆ వెస్సెల్‌కి ‘ఎస్‌సీబీఏతో లోపలికి వెళ్లి రక్షిస్తాం’ అని రాసిన ఎమర్జెన్సీ ప్లాన్ ఉత్త కాగితం. రక్షించడం బయటినుంచే జరగాలి, కాబట్టి దిగేటప్పుడే తాడు ఒంటి మీద ఉండాలి. సిలిండర్ లెక్క కూడా తప్పుగా పెట్టుకుంటాం. 6 లీటర్లు, 300 బార్ అంటే 1,800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున 45 నిమిషాలు. కంగారులో 60 దాటిందంటే అరగంటైనా రాదు, 55 బార్ దగ్గర విజిల్ మోగేసరికి మిగిలేది అయిదారు నిమిషాలే.

పైన కాపలా ఉండే స్టాండ్‌బై మనిషి సంగతి. హెల్పర్‌ని పిలిచి ట్రైనర్ అడిగాడు: “అర్థమైందా తమ్ముడూ?” “ఆ సార్, అర్థమైంది.” “లోపలున్నాయన పడిపోయాడు. ఏం చేస్తావ్?” “తీస్తాను సార్.” “ఎలా?” “దిగి సార్.” మా ఎవరి నోటా మాట రాలేదు. కన్‌ఫైన్డ్ స్పేస్‌లో ఒకరి వెనక ఒకరు పోయేది ఇలాగే. ‘అర్థమైందా’ అని అడిగితే ఎవరైనా ఆ అనే అంటారు. ఏం చేస్తావో చెప్పించుకోవాలి, చేసి చూపించమనాలి. మా హెల్పర్లలో సగం మంది ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు. పర్మిట్ ఇంగ్లిషులో, గోడ మీద బోర్డు తెలుగులో ఉంటాయి. వాళ్లకి వాళ్ల భాషలో చెప్పే మేస్త్రీ పేరు కూడా పర్మిట్‌లో రాయాలని మా బ్యాచ్ అడిగింది. లోపల వాడే లైటు 24 వోల్టులు మించకూడదన్నది పాత చట్టంలోనే ఉంది. సాల్వెంట్ ఉన్న చోట అది ఫ్లేమ్‌ప్రూఫ్ కూడా అయ్యుండాలి. 230 వోల్టుల హ్యాండ్ ల్యాంపు దించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మూడో రోజు లాకౌట్, అంటే యంత్రానికి కరెంటు ఆపి తాళం వెయ్యడం. ఎజిటేటర్ (రియాక్టర్‌లో కలియదిప్పే రెక్కలు) మోటార్‌కి ఎంసీసీలో ఐసొలేటర్ ఆఫ్, ఎవరి తాళం వాళ్లది, తాళంచెవి వాళ్ల జేబులోనే, ట్యాగ్ మీద పేరు, సమయం. ముగ్గురు పనిచేస్తే మూడు తాళాలు. ఇంతవరకూ అందరికీ తెలుసు. తప్పు జరిగేది తర్వాతి మెట్టులో, ట్రయల్ దగ్గర. లోకల్ పుష్‌బటన్ నొక్కితే తిరగలేదు, ‘సరే ఆఫ్ అయింది’ అనుకుంటాం. సెలెక్టర్ స్విచ్ రిమోట్‌లో ఉన్నా తిరగదు. మ్యాన్‌హోల్ తెరిచి ఉండి దానికి ఇంటర్‌లాక్ (మూత తెరిస్తే తిరగనివ్వని ఏర్పాటు) ఉన్నా తిరగదు. అంటే 415 వోల్టులు అక్కడే ఉన్నా బటన్ మనకి ‘ఏం లేదు’ అని చెప్తుంది. ట్రైనర్ కావాలనే పక్క ఫీడర్‌కి (వేరే మోటార్ స్విచ్‌కి) తాళం వేయించి, మాచేత బటన్ నొక్కించాడు. తిరగలేదు. ఇరవై మందిమీ పాస్ అన్నాం. తర్వాత ఎలక్ట్రీషియన్ చేత టెర్మినల్ దగ్గర టెస్టర్ పెట్టిస్తే మూడు ఫేజుల్లోనూ కరెంటు ఉంది. కాబట్టి సెలెక్టర్ లోకల్‌లో పెట్టి, ఇంటర్‌లాక్ అడ్డుపడుతోందేమో చూసి బటన్ నొక్కాలి. ఆపైన ఎలక్ట్రీషియన్ టెస్టర్‌ని ముందు కరెంటున్న చోట చూసి, తర్వాత మన టెర్మినల్ మీద చూసి, మళ్లీ కరెంటున్న చోట చూసుకోవాలి. మధ్యలో టెస్టరే చచ్చిపోతే తెలియాలి కదా.

అదే రోజు సాయంత్రం స్టాటిక్ కరెంటు. టాలీన్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరి అంటుకోగల కనీస వేడి) 4 డిగ్రీలు. మన ఎండాకాలం 40. ఎప్పుడూ అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది, కావాల్సింది నిప్పురవ్వే. ఎర్తింగ్ క్లిప్పు డ్రమ్ము మీద పెయింటుకి తగిలించి ‘ఎర్తింగ్ చేశాం’ అనుకుంటాం. మీటర్ పెట్టి చూస్తే కనెక్షనే లేదు. క్లిప్పు పళ్లు లోహాన్ని కొరకాలి, 10 ఓముల లోపు రావాలి. డిప్ పైప్ (రియాక్టర్ అడుగుదాకా దిగే పైపు) కొస మునిగేదాకా సాల్వెంట్ వేగం సెకనుకి ఒక మీటర్ మించకూడదన్నది సూత్రం, కానీ ప్లాంటులో సెకనుకి మీటర్ ఎవరు కొలుస్తారు? రెండంగుళాల లైనులో అది నిమిషానికి సుమారు 118 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ము ఖాళీ అవ్వడానికి దగ్గరదగ్గర వంద సెకన్లు పట్టాలి. అరనిమిషంలో అయిపోయిందంటే మూడింతల వేగంతో తోస్తున్నారన్నమాట. పౌడర్ చార్జింగ్‌లో పాలిథిన్ లైనర్‌ని మ్యాన్‌హోల్ మీద దులపడం ఇంకా అపాయం.

నాలుగో రోజు ఎత్తులో పని, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు. ఎక్స్‌టింగ్విషర్ మంట ఆర్పడం సరదాగా ఉంటుంది, అందుకే ఫోటోలన్నీ అక్కడివే. ఎత్తు దగ్గర ఒక్క లెక్క చాలు. లాన్యార్డ్ (హార్నెస్‌ని హుక్‌కి కలిపే తాడు) 1.8 మీటర్లు, షాక్ అబ్జార్బర్ (పడ్డప్పుడు విప్పుకుని కుదుపు తగ్గించేది) విప్పుకుంటే ఇంకో 1.75 దాకా, వీపు రింగు నుంచి కాళ్లదాకా 1.5, మిగులు ఒక మీటర్. కలిపితే హుక్ తగిలించిన చోటి నుంచి కిందికి ఆరు మీటర్లు ఖాళీ కావాలి. పైప్ రాక్ మీద నాలుగు మీటర్ల ఎత్తున కాళ్ల దగ్గర హుక్ వేసుకున్నవాడికి బెల్టు ఉండీ ప్రయోజనం లేదు, అబ్జార్బర్ పూర్తిగా విప్పుకునేలోపే నేల తగులుతుంది. హుక్ తలపైన వెయ్యాలి, లేదా తాడు పొట్టిదవ్వాలి.

అయిదో రోజు పెద్దలు వచ్చారు. ట్రైనర్ స్లైడ్లు వెయ్యలేదు. పోయిన మూడు నెలల ఎంట్రీ పర్మిట్లు బల్ల మీద పరిచాడు. అన్నింటిలోనూ 20.9, 0, 0, 0. ఒకే చేతిరాత, ఒకే పెన్ను. పక్కన మీటర్‌లోంచి డౌన్‌లోడ్ చేసిన రికార్డు పెట్టాడు. పర్మిట్ ఉన్న రోజుల్లో కొన్నిట్లో మీటర్ ఆన్ కానే లేదు. మా ముఖాలు వేలాడిపోయాయి. కానీ తర్వాత ప్రశ్న మాకు కాదు, ప్లాంట్ హెడ్‌కి: “షెడ్యూల్‌లో రియాక్టర్ క్లీనింగ్‌కి ఎంత సమయం ఇచ్చారు?” రెండు గంటలు. రెండో, మూడో రోజుల్లో మేం చేసిన పనికి గడియారం పెట్టారు: బ్లైండ్లకి గంటా ఇరవై నిమిషాలు, లాకౌట్‌కి అరగంట, గాలి పట్టడం, టెస్టింగ్ కలిపి నలభై నిమిషాలు. మనిషి దిగకముందే రెండున్నర గంటలు. రెండు గంటల ప్లాన్ ఇచ్చాక పర్మిట్‌లో అబద్ధం రాయించింది ఆ ప్లానే. కాంట్రాక్టర్ కూడా ఒక మాటన్నాడు: “సార్, నాకు వెస్సెల్‌కి ఇంతని రేటు. మనిషి పైన ఖాళీగా కూర్చుంటే ఆ కూలి నాదే.” స్టాండ్‌బైకి విడిగా కూలి కట్టేలా రేటు మార్చాలని, క్లీనింగ్ స్లాట్ అయిదు గంటలు చెయ్యాలని, నెంబర్లు వేసిన ఎనిమిది బ్లైండ్ల సెట్టు, రెండో మీటరు కొనాలని ఆ పూటే మినిట్స్‌లో రాశారు. స్లాట్ మారింది. మీటరు ఇంకా పర్చేజ్‌లో ఉంది.

చివరి రాత పరీక్ష సంగతి వదిలేయండి. పనికొచ్చింది మూడు నెలల తర్వాత పెట్టిన ఫీల్డ్ చెక్: ఈహెచ్‌ఎస్ (పర్యావరణం, ఆరోగ్యం, భద్రత విభాగం) మనిషి నైట్ షిఫ్ట్‌లో చెప్పకుండా వచ్చి, జరుగుతున్న పర్మిట్ పక్కన నిలబడి ఒక్కో లైనూ వెస్సెల్ మీద చూపించమంటాడు. విరామం అరగంట దాటితే మళ్లీ టెస్ట్ చేశారా అని అడుగుతాడు. పర్మిట్ క్లోజింగ్ దగ్గర బ్లైండ్లు లెక్కపెడతాడు. వేసినవి ఎనిమిదైతే తీసినవి ఎనిమిది ఉండాలి. మొదటి చెక్‌లో ఏడే ఉన్నాయి. ఎనిమిదోది వెంట్ లైనులోనే ఉండిపోయింది, తెల్లవారుజామున చార్జింగ్‌కి రియాక్టర్ సిద్ధమవుతోంది.